ఫోన్ దగ్గర ఒకరుండాలి

నా భార్యను ఆమె తమ్ముడు చంపాడు. ఊళ్ళో కొందరు గుండెజబ్బు అంటారు, కొందరు పొగమంచు అంటారు. వాళ్ళ నోళ్ళు, వాళ్ళిష్టం. ర్యూబెన్ నోటి దురద ఆమెను చంపింది. ఏప్రిల్‌లో, మా వంటింటి బల్ల దగ్గర, నా చక్కెర వేసుకుని నా టీ తాగుతూ చంపాడు. ఆమె ప్రాణం పోవడానికి మాత్రం జూలై దాకా పట్టింది.

మాది కెనడాకు ఉత్తరాన, మంచు సముద్రంలో ఉన్న బ్యాంక్స్ దీవి. ఉన్న ఊరు ఒక్కటే, నూరు మందిమి ఉంటాం. దీవి ఉత్తరపు కొసంతా ఇప్పుడు పార్కు. అక్కడ రోడ్డు లేదు, ఇల్లు లేదు. ఒక నది ఉంది, కస్తూరి ఎద్దులున్నాయి, అంతే. ఏటా వేసవిలో ఎక్కడెక్కడివాళ్ళో విమానం మాట్లాడుకుని ఆ నదిలో పడవలు వేసుకోవడానికి వస్తారు. వాళ్ళకది పార్కు. నా భార్య ఎడ్నాకు మాత్రం వాళ్ళమ్మ చనిపోయిన తొలిచూలు బిడ్డను రాళ్ళ కింద పెట్టిన చోటు.

ఆ చలికాలం మా అత్త పోయింది. పోయేముందు ఎడ్నా చెయ్యి పట్టుకుని, "దాని దగ్గర ఇన్నేళ్ళలో ఎవరూ కూర్చోలేదే. ఒక్కసారి పోయి కూర్చో," అంది. నేను అక్కడే ఉన్నాను. వినకపోతే బాగుండేది. అప్పటికే ఎడ్నా గుండె సగం పనే చేస్తోంది. పొద్దున ఒక మాత్ర, సాయంత్రం ఒక మాత్ర. మానితే ఊపిరితిత్తుల్లోకి నీరు దిగుతుందని నర్సు చెప్పింది.

"ఈ వేసవే వెళ్ళాలి. వచ్చే వేసవికి నేనుంటానో లేదో," అంది ఎడ్నా.

"పిచ్చిమాటలు మాట్లాడకు."

"సరే, మంచి మాటే చెప్తా. నువ్వూ, నేనూ, మా ర్యూబెన్‌గాడూ. ముగ్గురం వెళ్ళొద్దాం."

నేను అవునని తలూపాను. తలూపడానికి ధైర్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా పెద్దవాళ్ళు ప్రయాణం అనుకునేటప్పుడు తెల్ల ఎలుగుబంటి పేరు ఎత్తరు. తప్పనిసరి అయితే 'ఆయన' అంటారు. ఎదురైతే ఏం చేస్తామో అసలు అనరు. నేల మీద, మంచు మీద ఎక్కడ ఏ మాటన్నా ఆయనకు వినబడుతుంది. డంబం పలికినవాణ్ణి వెతుక్కుంటూ వస్తాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా పెదనాన్న గుడారంలో కూర్చుని, ఈసారి వస్తే ఉత్త కత్తితో పొడుస్తానన్నాడు. మూడో రోజు మేము పెదనాన్న చేతి తొడుగు ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తొడుగు ఖాళీగా లేదు. తెచ్చింది నేనే, ఒళ్ళో పెట్టుకుని, కుక్కల బండి మీద. బడిలో నేను చదివింది నాలుగు తరగతులు. మిగతా చదువంతా ఆ దారిలోనే అయింది.

ఏప్రిల్ చివర్లో మార్లీన్ ఫారం పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా ఊరి పిల్లే, పార్కు పనిలో ఉంది. మా నేలకు మేము వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విమానం మాత్రం పడవలవాళ్ళది. అందులో ఖాళీ సీట్లున్నాయి, పోయేటప్పుడు ఎక్కించుకుంటారు. ఎనిమిదో రోజున ఇంకో జట్టును దింపడానికి వచ్చినప్పుడు తిరిగి తెస్తారు. అందుకని వాళ్ళు నింపే ఫారమే మేమూ నింపాలి. ఎక్కడ దిగుతారు, ఎక్కడ పడుకుంటారు, ఏ రోజు తిరిగొస్తారు. మార్లీన్ అడుగుతోంది, ఎడ్నా చెప్తోంది. తిరిగొచ్చే రోజు దగ్గర ఎడ్నా కాస్త ఆగి, "నేల పంపించిన రోజు అని రాయకూడదా?" అంది. మార్లీన్ నవ్వి తేదీ వేసింది.

"ఇక పదకొండో ప్రశ్న పెద్దమ్మా. ఎలుగుబంటి ఎదురైతే ఏం చేస్తారు?"

ఎడ్నా టీ కప్పు కింద పెట్టింది. నేను కిటికీ వైపు చూశాను. కిటికీ మూసే ఉంది. అయినా చూశాను.

"అది వదిలెయ్యమ్మా," అంది ఎడ్నా మెల్లగా.

"ఖాళీగా వదిలితే వెనక్కి పంపుతారు. ఏదో ఒకటి చెప్పండి. ఉన్నచోటే ఉంటాం, గుంపుగా నిలబడతాం, అట్లాంటిది."

"అంత కష్టం దేనికి, ఇటివ్వు," అన్నాడు ర్యూబెన్. మార్లీన్ చేతిలోంచి పెన్ను లాక్కున్నాడు. రాస్తూ పైకి చదివాడు. "ర్యూబెన్ టీ కెటిల్ తీసుకుని ముక్కు మీద ఒక్కటిస్తాడు. అది ఏడ్చుకుంటూ వాళ్ళమ్మ దగ్గరికి పోతుంది."

"ఒరేయ్!" అన్నాను.

"ఏం బావా, ముక్కు కాదంటే మూతి అని రాయనా?"

మార్లీన్ పకపకా నవ్వింది. ఎడ్నా కూడా నవ్వింది. నవ్వి, వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటికే నవ్వు బయటికొచ్చేసింది. అదీ నేను మరిచిపోలేదు.

"కొట్టెయ్యి అది," అన్నాను.

"పెన్నుతో రాశాడు పెదనాన్నా. కొట్టేస్తే ఇంకా గలీజుగా ఉంటుంది. ఏం కాదులే, చదివేవాళ్ళూ నవ్వుకుంటారు."

చదివేవాళ్ళ సంగతి నాకు దేనికి? వినేవాడి సంగతే నా భయమంతా. నోటి మాటయితే గాలికి పోయిందనుకోవచ్చు. ఇది కాగితం. కింద మా పేర్లున్నాయి. నా వేళ్ళ కొసలు చల్లబడ్డాయి, బల్ల కింద దాచుకున్నాను.

"ఆఖరి ప్రశ్న. ఊళ్ళో ఉండి రోజూ వీళ్ళ ఫోన్ కోసం చూసే మనిషి ఎవరు?"

"నా పేరు రాయి," అన్నాను.

ముగ్గురూ నా వైపు చూశారు.

"బావా, నువ్వు రావూ?" అన్నాడు ర్యూబెన్.

"ఎవరో ఒకరు ఫోన్ దగ్గర ఉండాలి."

"మా ఆఫీసు నంబరు రాసినా సరిపోతుంది పెదనాన్నా. చాలామంది అదే రాస్తారు."

"ఆఫీసు ఐదింటికి మూసేస్తారు."

ఎడ్నా నన్నే చూస్తోంది. నలభై ఒక్క ఏళ్ళు కాపురం చేసిన ఆడదానికి మొగుడి ముఖంలో చదవలేనిదేం ఉంటుంది? చదివింది. చదివి, మడిచి, ఎక్కడో లోపల పెట్టేసుకుంది.

"సరే, ఏబెల్ పేరే రాయమ్మా," అంది. "ఫోన్ ఎత్తడంలో మా ఆయన్ని మించినవాడు లేడు."

ర్యూబెన్ నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మే నెలలో బాతులు వచ్చాయి. జనమంతా గుడ్లకు పోయారు. ఎడ్నా వాకిట్లో కూర్చుని మాంసం చీలికలు ఎండబెట్టింది, రొట్టెలు కాల్చింది. నేను గుడారం కుట్లు చూశాను, తుపాకి శుభ్రం చేశాను, తూటాలు రెండుసార్లు సరిచూశాను. వెళ్ళేవాళ్ళకన్నా వెళ్ళనివాడే ఎక్కువ సర్దాడని ర్యూబెన్ ఊరంతా చెప్పుకున్నాడు. సముద్రపు మంచు ఆ ఏడు మూడు వారాలు ముందే విరిగింది. మంచు విరిగితే ఆయన ఒడ్డెక్కుతాడు. ఆ సంగతి నేను ఇంట్లో ఎత్తలేదు.

వెళ్ళే ముందు రోజు మార్లీన్ ఒక నీలం డ్రమ్ము తెచ్చింది. బిగుతుగా మూత పడే ప్లాస్టిక్ డ్రమ్ము. తిండి, సబ్బు, వాసన వచ్చేది ఏదైనా అందులో పెట్టి గుడారానికి నూరు అడుగుల దూరంలో ఉంచాలి. ఒక్కొక్కటీ నేనే సర్దాను. ఎడ్నా తన మాత్రలు సగం ఇంకో సీసాలో పోసుకుని బొచ్చుకోటు జేబులో వేసుకుంది. మిగతా సగం ఇంట్లో, తిరిగొచ్చాక వేసుకోవడానికి.

"అదీ ఇటివ్వు," అన్నాను.

"మాత్రలా? ఎందుకూ?"

"వాసనొస్తాయి."

"మందులు దగ్గరే ఉంచుకోవచ్చు పెదనాన్నా," అంది మార్లీన్. "అవి డ్రమ్ములో పెట్టాలని లేదు."

"నీకేం తెలుసు? ఆయన మైలు దూరం నుంచి వాసన పడతాడు."

జేబులో చెయ్యి పెట్టి సీసా తీసింది నేనే. డ్రమ్ములో వేసి మూత బిగించిందీ నేనే. ఎడ్నా నా చెయ్యి పట్టుకుని, "నీ వేళ్ళు చూడు, మంచుముక్కల్లా ఉన్నాయి. పోనీలే, నీ మనసు కుదుటపడుతుందంటే అక్కడే ఉండనీ," అంది.

కంకర రన్‌వే మీద విమానం వెళ్ళేదాకా నిలబడ్డాను. ఎక్కేటప్పుడు ఎడ్నా వెనక్కి తిరిగి, "ఆరింటికి ఫోన్ చేస్తాం. భయపడకు. మా అమ్మ చెప్పినట్టే మసలుకుంటాను," అంది. ర్యూబెన్ కిటికీలోంచి కెటిల్ ఎత్తి చూపించాడు.

మొదటి రోజు ఆరింటికి ఫోన్ మోగింది. వాళ్ళ దగ్గరున్నది అద్దెకు తెచ్చుకున్న శాటిలైట్ ఫోన్, మాట ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. దిగాం, గుడారం వేశాం, దోమలు తినేస్తున్నాయి. రెండో రోజు నది వెంట నడిచారు. మూడో రోజు ఎడ్నా గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది.

"దొరికింది ఏబెల్. రాళ్ళు ఒక్కటి కూడా చెదరలేదు. చుట్టూ పసుపు పూలు. ఎంత చిన్నదో, నా మోచెయ్యంత. కూర్చున్నాను. తరువాత పక్కనే కాసేపు పడుకున్నాను."

"చలి కాదూ?"

"ఎండగా ఉంది. నువ్వు చూస్తే బాగుండేది."

ర్యూబెన్ ఫోన్ లాక్కున్నాడు. "బావా, నీ చుట్టం ఇంకా దర్శనం ఇవ్వలేదు. కెటిల్ తోమి సిద్ధంగా పెట్టా."

"ఆ నోరు ఎప్పుడు మూస్తావురా?"

"నిద్రలో," అన్నాడు.

నాలుగో రోజు సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చింది. పొద్దున పక్కింటి కప్పు కనబడింది, మధ్యాహ్నానికి మా మెట్లే కనబడలేదు. ఆరయింది. ఫోన్ మోగలేదు. ఆరున్నర. నేను కుర్చీ ఫోన్‌కు ఇంకా దగ్గరగా లాక్కున్నాను. బల్ల మీద ఫోను, పక్కన ఎడ్నా మిగిల్చిన మాత్రల సీసా. ఏడయింది. గోడ అవతల కుక్క ఏదో లాగుతుంటే తుపాకి కోసం చెయ్యి చాచాను. తుపాకి వాళ్ళ దగ్గరుందని అప్పుడు గుర్తొచ్చింది. ఎనిమిదింటికి మోగింది.

"ఆయన వచ్చాడు బావా," అన్నాడు ర్యూబెన్.

వాడు పుట్టాక 'ఆయన' అనడం అదే మొదలు.

"అక్క?"

"బాగానే ఉంది. నేను నీళ్ళకు పోయా, తుపాకి నా దగ్గరే ఉంది. వచ్చేసరికి వెళ్ళిపోయాడు. అక్కే మాట్లాడి పంపించింది."

ఎడ్నా ఫోన్ తీసుకుంది. ఊపిరి కాస్త బరువుగా ఉంది.

"గుడారం ముందు కూర్చున్నాను. నది వైపు నుంచి నడిచొచ్చాడు. తొందరేమీ లేదు ఆయనకు. తాతా, అన్నాను. మా తమ్ముడు చిన్నప్పటి నుంచీ అంతే, నోరే గాని వాడిలో ఏమీ లేదు. నవ్విన తప్పు నాది. మనసులో పెట్టుకోకు, అన్నాను. చాలాసేపు నిలబడి చూశాడు. తరువాత డ్రమ్ము దగ్గరికి పోయి, పిల్లలు డబ్బా తన్నుకుంటూ పోయినట్టు దాన్ని దొర్లించుకుంటూ పోయాడు. ఏట్లో పడింది. ఏరు తీసుకుపోయింది."

"భయం వెయ్యలేదూ?"

"నాకు వెయ్యలేదు. నీకు చెప్పాలే అని వేసింది."

"ఎడ్నా, మాత్రలు..."

మాట అటు చేరడానికి ఒక క్షణం పట్టింది. తిరిగి రావడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

"డ్రమ్ములోనే కదా వేశావు," అంది. ఏ కోపమూ లేకుండా అంది.

ఆ సాయంత్రమే మార్లీన్ విమానంవాళ్ళను లేపింది. వాళ్ళు సిద్ధమే. కాని మా రన్‌వే కనబడదు, నది దగ్గరా కనబడదు. హెలికాప్టర్ కూడా ఆ మసకలో దిగదన్నారు. ఐదో రోజు ర్యూబెన్ చేపలు పట్టి తినిపించానన్నాడు. ఎడ్నా పాదాలు వాచాయన్నాడు. ఆరో రోజు ఆమె పడుకోలేక కూర్చునే ఉంది. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి వినబడుతోంది, నీళ్ళలో గొట్టం పెట్టి ఊదినట్టు.

"పొగమంచు... పోయిందా అక్కడ?"

"పోతోంది," అన్నాను. కిటికీ అవతల తెల్లటి గోడ ఉంది.

"అబద్ధాలు... నీకు రావు," అంది.

ఏడో రోజు పదింటికి గాలి తిరిగింది. పన్నెండింటికి విమానం మా ఊళ్ళో దిగింది, ఇంధనం పోసుకోవడానికి. పోసుకోగానే మళ్ళీ ఇంజన్ తిప్పారు. లోపల నర్సు ఉంది. నేను మాత్రల సీసా పట్టుకుని పరిగెత్తాను. పైలట్ కుర్రవాడు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

"ఒక సీటు ఉంది పెద్దాయనా, ఎక్కండి. గంటన్నరలో ఆమె దగ్గర ఉంటాం."

మెట్టు మీద ఒక కాలు పెట్టాను. ఆ మెట్టు నాకు ఇప్పటికీ గుర్తే, ఇనుప మెట్టు, మూడు బోల్టులు. ఆ నేల మీద ఆయన ఇంకా తిరుగుతున్నాడు. ఆ ఫారం మీద నా పేరూ ఉంది. ఎనిమిదేళ్ళప్పుడు నా ఒళ్ళో ఉన్న బరువు మళ్ళీ ఒళ్ళోకొచ్చింది.

కాలు తీసేశాను. సీసా పైలట్ చేతిలో పెట్టాను.

"ఎవరో ఒకరు ఫోన్ దగ్గర ఉండాలి," అన్నాను.

"ఫోన్ నా దగ్గరా ఉంది," అన్నాడు అతను. మార్లీన్ అతని చెయ్యి పట్టుకుని తల అడ్డంగా ఊపింది. తలుపు మూశారు.

ఇంటికొచ్చి కుర్చీలో కూర్చున్నాను. విమానం ఇంకా దారిలో ఉండగానే, ఒంటిగంటకు ఫోన్ మోగింది. రోజూ మోగేది ఆరింటికి. ఒంటిగంటకు మోగే ఫోన్‌లో ఏముంటుందో నాకు తెలుసు. నా చెయ్యి ఫోన్‌కు జానెడు దూరంలో ఉంది. పన్నెండుసార్లు మోగింది. ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి ఇంకా ఎక్కువ సేపు మోగింది. నేను నా చెయ్యినే చూస్తూ కూర్చున్నాను. అది ఎవరిదో చెయ్యిలా ఉంది.

తరువాత మోగలేదు.

ఐదింటికి విమానం వచ్చింది. ఎడ్నాను గుడారం గుడ్డలో చుట్టి తెచ్చారు. విమానం నది దగ్గర దిగడానికి అరగంట ముందే పోయిందని నర్సు చెప్పింది. మాత్రల సీసా మూత తియ్యకుండానే నా చేతికిచ్చింది. ర్యూబెన్ ఆఖరున దిగాడు. ఏడు రోజుల్లో ముసలివాడైపోయాడు. నా దగ్గరికొచ్చి, ఎవరికీ వినబడకుండా అన్నాడు.

"ఫోన్ చేశాను బావా. రెండుసార్లు. అక్క చెయ్యమంది. నీతో మాట్లాడాలంది."

"మోగలేదు," అన్నాను.

వాడు నా ముఖంలోకి చూశాడు. అక్కకు తమ్ముడే, అదే చూపు.

"అవును," అన్నాడు. "పొగమంచులో అందలేదేమో."

చంపినవాడు ర్యూబెన్. అది తేలిపోయిన సంగతి. ఆ కెటిల్ మాట వాడు అనకపోతే ఆయన వచ్చేవాడు కాదు, డ్రమ్ము పోయేది కాదు. కాని ఊళ్ళో ఎంతోమంది ఎన్నో అన్నా, ఇన్నేళ్ళలో ఆ ఫోన్ సంగతి వాడు ఎవరికీ చెప్పలేదు. ప్రపంచంలో దేన్నీ దాచలేని నోరు ఆ ఒక్క దాని దగ్గర మూసుకుంది. అన్నింటికన్నా దానికే నేను వాణ్ణి క్షమించను.

ఏటా జూలైలో వచ్చి మెట్ల కింద నిలబడతాడు. టోపీ చేతిలో పట్టుకుంటాడు.

"బావా, ఆ రోజు అక్క నీకు చెప్పమన్న మాట ఒకటుంది."

"అక్కర్లేదు."

"చిన్న మాటే బావా."

తలుపు వేసేస్తాను. వాడి అడుగులు కంకర మీద వినబడనంత దూరం పోయేదాకా తలుపుకు వీపు ఆనించి నిలబడతాను.

ప్రతి వసంతంలో మార్లీన్ కూడా అడుగుతుంది. కొత్తగా వచ్చేవాళ్ళు ఫారాలు నింపుతున్నారు పెదనాన్నా, ఒక్కసారి వచ్చి వాళ్ళకు మీ సంగతి చెప్పండి, భయం అంటే ఏమిటో తెలుస్తుంది అని. ఫోన్ చేసి కాదు, నడిచొచ్చి అడుగుతుంది. మా ఇంట్లో ఫోన్ లేదు. ఆ వారమే తీయించేశాను.

మీరడిగారని ఈ ఒక్కసారి చెప్పాను. ఇక మార్లీన్‌కు చెప్పను, పాస్టరుకు చెప్పను, ఎవరికీ చెప్పను. ఎవరూ నా గుమ్మం ఎక్కి ఎడ్నా పేరు ఎత్తొద్దు.